అంచున పుట్టిన చిత్రకథ

మానవుడు అక్షరం నేర్వడానికి వేల ఏండ్ల ముందే గీత నేర్చాడు. గుహల గోడలపై వేటగాండ్రను చిత్రించిన ఆదిమానవుడు వారికి కండలు తీర్చి, కన్నులు దిద్ది, వస్త్రాలు తొడిగే శ్రమ తీసుకోలేదు. దేహానికి ఒక నిలువు గీత, కాళ్లకు రెండు వాలు గీతలు, చేతులకు మరి రెండు, తలకు ఒక సున్న. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా రాతిగుహలలో ఇటువంటి సన్నని గీతల మనుషులు నేటికీ కనిపిస్తారు. పలక పట్టిన పసివాడు మొట్టమొదట గీసే మనిషి కూడా అతడే. ఇంత ప్రాచీనమైనదీ ఇంత సార్వజనీనమైనదీ అయినప్పటికీ పెద్దల దృష్టిలో గీతబొమ్మకు గౌరవం లేదు. అది బొమ్మ వేయడం రానివాడు వేసే బొమ్మ. తరగతి గదిలో నోటుపుస్తకం అంచున అటువంటి బొమ్మ కనబడిందంటే, విద్యార్థి మనస్సు పాఠం మీద లేదనడానికి అంతకుమించిన సాక్ష్యం అక్కరలేదు.

గీతబొమ్మ కళ కాదన్నది ఒక అభిప్రాయం. పుస్తకం అంచున గీసే గీత కాలహరణమన్నది మరొక అభిప్రాయం. ఈ రెండూ ఎంతవరకు సమంజసమైనవో విచారించడానికి అమెరికాలో 2005లో పుట్టిన ఒక చిత్రకథ చక్కని ఆధారం. దాని కర్త రాండల్ మన్రో.

మన్రో 1984లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్టన్‌లో జన్మించి, వర్జీనియాలో పెరిగారు. అక్కడి క్రిస్టఫర్ న్యూపోర్ట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం ప్రధానాంశంగా చదివి 2006లో పట్టభద్రులయ్యారు. అదే రాష్ట్రంలో ఉన్న అంతరిక్ష పరిశోధనా సంస్థ నాసా వారి లాంగ్లీ కేంద్రంలో ఒప్పంద పద్ధతిపై రోబోలకు సంబంధించిన పనిలో ఉండేవారు. చిత్రకళాశాలలో చదివినవారు కారు. చదువుకొనే రోజుల్లో లెక్కలు చేసుకొన్న గళ్ల కాగితాల పుస్తకాలలో, లెక్కల పక్కనే, తోచిన బొమ్మలు గీసుకోవడం ఆయనకు అలవాటు. ఆ పాత పుస్తకాలు తిరగవేసినప్పుడు, వాటిలోని కొన్ని బొమ్మలు కాలగర్భంలో కలిసిపోవడం ఆయనకు ఇష్టం లేకపోయింది. 2005 సెప్టెంబరులో వాటిని స్కానర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించి, అంతర్జాలంలోని తన సొంత పుటలో పెట్టారు. పత్రికా సంపాదకుని ఆమోదం లేదు. ప్రచురణకర్త లేడు. పెట్టుబడి లేదు. ఒక చిత్రకథ ప్రారంభించాలన్న సంకల్పం సైతం తొలుత లేదు. అవి పోగొట్టుకోకూడదని భద్రపరచిన కాగితాలు, అంతే.

ఆ చిత్రకథ పేరు ఎక్స్‌కెసిడి. ఈ నాలుగు ఆంగ్లాక్షరాలు దేనికి సంక్షిప్తరూపమో అని చాలామంది తర్జనభర్జన పడ్డారు. అవి దేనికీ సంక్షిప్తరూపం కావు. కలిపి పలకడానికి వీలులేని, ఏ అర్థమూ లేని అక్షరాల కూర్పు అది. అర్థమున్న పేరు పెట్టుకొంటే ఏనాటికైనా ఆ అర్థం మీద విసుగు పుడుతుందని మన్రో తలంచి ముందే ఆ పేరును తనకై ఎంచుకొన్నారు. మన శాస్త్రకారులు డిత్థుడు, డవిత్థుడు అని ఉదాహరించే యదృచ్ఛా శబ్దాలు ఈ కోవకు చెందినవే. అర్థం లేకపోవడమే వాటి అర్థం.

మొదట పెట్టిన బొమ్మలలో ఒక విశేషం ఉంది. అవన్నీ గీతబొమ్మలు కావు. వాటిలో ప్రకృతి దృశ్యాలున్నాయి, ఓపికగా వేసిన రేఖాచిత్రాలున్నాయి. అంటే ఆయనకు చేయి లేక గీతబొమ్మలను ఆశ్రయించారనడం తొందరపాటు అవుతుంది. చిన్ననాట ఆయన అభిమానించిన చిత్రకథ బిల్ వాటర్సన్ గీసిన ‘కాల్విన్ అండ్ హాబ్స్’. కుంచెతో మంచుకొండలను, అరణ్యాలను సజీవంగా నిలిపిన ఆ చిత్రకారుని అభిమానికి మంచి రేఖ అంటే ఏమిటో తెలియకపోదు. తెలిసి విడిచిపెట్టడం వేరు, తెలియక లేకపోవడం వేరు. కథ కొనసాగిన కొద్దీ ముఖాలు మాయమయ్యాయి, వస్త్రాలు మాయమయ్యాయి. కన్ను లేదు, ముక్కు లేదు, పెదవి లేదు. తలగా ఒక సున్న మాత్రం మిగిలింది. స్త్రీ అయితే ఆ సున్నకు కొంత జుట్టు, ఒక కొంటె పాత్రకు నల్లని టోపీ. పాత్రలకు పేర్లు కూడా పెట్టలేదు.

ఇట్లా విడిచిపెట్టడం వలన కలిగిన ప్రయోజనం ఏమిటి? చిత్రకథల స్వరూపాన్ని గురించి స్కాట్ మెక్లౌడ్ 1993లో వెలువరించిన గ్రంథంలో ఒక సూత్రం ఉంది. ముఖాన్ని ఎంత వివరంగా చిత్రిస్తే అది అంతగా ఎవరో ఒకరి ముఖమవుతుంది, ఎంత సరళంగా చిత్రిస్తే అంతగా చూసే ప్రతివాని ముఖమూ కాగలుగుతుందన్నది దాని సారాంశం. మన్రో బొమ్మలలో ఈ సూత్రం చివరి మెట్టు దాకా పోయింది. ఆ సున్నలో ఎవరి ముఖాన్నైనా పెట్టుకోవచ్చు. అంతేకాక, ముఖకవళికలు లేని చోట భావాన్ని మోసే భారమంతా మాటల మీద, తల వంపు మీద, ఇద్దరి నడుమ విడిచిన ఖాళీ మీద పడుతుంది. క్షేమేంద్రుడు ఔచిత్యమే కావ్యానికి ప్రాణమన్నాడు. అలంకారం తగినచోట లేకపోతే ఎంత లోపమో, తగనిచోట ఉన్నా అంతే లోపం. కంప్యూటర్ ముందు కూర్చున్న ఇద్దరు యువకులు ఒక గణిత సమస్య గురించి వాదించుకొనే ఘట్టంలో వారి చొక్కాల మడతలు దిద్దితే అది అనౌచిత్యమే అవుతుంది.

అయితే గీత తగ్గినంతమాత్రాన చిత్రకథ గొప్పదైపోదు. గీతలో ఆదా చేసిన శ్రమను మన్రో ఎక్కడ వెచ్చించారన్నదే అసలు విషయం. మూడు ఉదాహరణలు చాలు.

2007లో వచ్చిన ఒక చిత్రకథలో పాఠశాల నుండి ఒక తల్లికి ఫోను వస్తుంది. వారి కంప్యూటర్‌లో ఏదో చిక్కు వచ్చింది. ఆరా తీయగా ఆమె కుమారునికి పెట్టిన పేరులోనే విద్యార్థుల పట్టికను తుడిచివేయమని కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశం ఇమిడి ఉన్నదని తేలుతుంది. ఆ పేరును యథాతథంగా నమోదు చేసుకొన్న యంత్రం ఆ ఏటి విద్యార్థుల వివరాలన్నీ చెరిపివేసింది. బయటి నుండి వచ్చిన ఏ సమాచారాన్నీ పరీక్షించకుండా లోనికి రానీయరాదన్న భద్రతా నియమం పాఠ్యగ్రంథాలలో పుటల కొద్దీ ఉంటుంది. అది నాలుగు చిన్న గడులలో, నవ్వుతో సహా, ఇమిడిపోయింది.

2011 ఆగస్టులో సంకేతపదాల గురించి మరొకటి వచ్చింది. ఒక కష్టమైన మాట తీసుకొని, అందులోని అక్షరాలకు బదులు అంకెలు చొప్పించి, చివర ఒక గుర్తు తగిలించి తయారుచేసే సంకేతపదం మనిషికి గుర్తుండదు. కాని సెకనుకు వెయ్యి ఊహల చొప్పున ప్రయత్నించే యంత్రానికి అది మూడు రోజుల పని. పొంతన లేని నాలుగు మామూలు మాటలను లాటరీ తీసినట్లు ఎంచి వరుసగా పెడితే, అది మనిషికి ఇట్టే గుర్తుంటుంది, అదే యంత్రానికి 550 ఏండ్లు పడుతుంది. ఎన్నో సంవత్సరాల నుండి మనుషులకు కష్టంగాను యంత్రాలకు సులభంగాను ఉండే పద్ధతిని లోకం శ్రద్ధగా నేర్చుకొన్నదన్న చురక దాని చివర ఉంది. లెక్క ఉన్నది కనుకనే ఆ చురక తగిలింది.

ఇక మూడవది, నవ్వుకు సంబంధం లేనిది. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ సంభవించి ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం ప్రమాదానికి లోనైనప్పుడు ప్రపంచమంతటా రేడియేషన్ భయం అలముకొంది. పత్రికలలో కొలతలు వచ్చేవి గాని, ఆ కొలతలు చిన్నవో పెద్దవో పాఠకునికి తెలిసేది కాదు. అణురియాక్టరులో పనిచేసే ఒక స్నేహితురాలి సహాయంతో మన్రో ఒక పటం తయారుచేశారు. ఒక అరటిపండు తింటే 0.1 మైక్రోసీవర్టు, ఛాతీకి ఎక్స్‌రే తీయించుకొంటే 20, న్యూయార్కు నుండి లాస్ ఏంజెలిస్‌కు విమానంలో పోతే 40 అంటూ చిన్న చిన్న చదరపు గళ్లలో మొదలుపెట్టి, ప్రాణాంతకమైన మోతాదు వరకు మెట్టుమెట్టుగా చూపారు. తాను నిపుణుడను కానని హెచ్చరిస్తూనే, దానిని ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోవచ్చునని విడిచిపెట్టారు. భయపడిన వానికి ధైర్యం చెప్పడం సులభం, ఆ భయం ఎంత ఉండాలో కొలిచి చూపడం కష్టం. లెక్కల పుస్తకం అంచున బొమ్మ పుట్టిందని చెప్పుకొన్నాం గదా. ఇక్కడ బొమ్మ పక్కకు తప్పుకొని లెక్కే నడుమకు వచ్చింది.

ఈ చిత్రకథకు మరొక మర్యాద ఉంది. బొమ్మ చూడడం పూర్తయ్యాక దానిపై కంప్యూటర్ బాణపుగుర్తును కాసేపు నిలిపితే, అంతవరకు కనిపించని ఒక చిన్న వాక్యం బయటపడుతుంది. అది ఒక్కొక్కప్పుడు మొదటి హాస్యానికి కొనసాగింపు, ఒక్కొక్కప్పుడు దానికి ఖండన. తెలియనివారు బొమ్మ చూసి వెళ్లిపోతారు, తెలిసినవారు ఆగుతారు. వాచ్యార్థం దగ్గరే ఆగిపోయేవాడికి, వ్యంగ్యార్థం కోసం నిలిచేవాడికి ఉన్న తేడా ఇటువంటిదే.

జీవనోపాధి సంగతి చూద్దాం. 2006 చివరలో నాసాతో మన్రో ఒప్పందం ముగిసింది, సంస్థ దానిని పొడిగించలేదు. పట్టా చేతికొచ్చిన ఏడాదే చేతిలో ఉద్యోగం లేకుండా పోయింది. ఆయన మసాచుసెట్స్‌లోని బోస్టన్ ప్రాంతానికి తరలివెళ్లి బొమ్మలనే వృత్తిగా స్వీకరించారు. చూడడానికి రుసుము లేదు. బొమ్మల మీది చమత్కారాలు ముద్రించిన చొక్కాలు, అచ్చు ప్రతులు అమ్మి బతుకు వెళ్లదీశారు. వారానికి మూడు, సోమ, బుధ, శుక్రవారాలలో ఒక్కొక్కటి చొప్పున గీయడం నియమంగా పెట్టుకొన్నారు. పైగా, కర్త పేరు చెప్పి, వ్యాపారానికి వాడనంతవరకు ఎవరైనా ఈ బొమ్మలను నకలు తీసుకోవచ్చునని, పంచుకోవచ్చునని క్రియేటివ్ కామన్స్ అనే అనుమతి పద్ధతి కింద ప్రకటించారు.

సొత్తును వీధిలో పెట్టి తలుపు తీసి ఉంచినట్లు ఇది కొందరికి తోచవచ్చు. కాని తాళపత్రాల కాలంలో కావ్యం బతికింది ఎట్లా? ప్రతి రాసుకొన్న ప్రతివాడూ దానికి ఆయుష్షు పోశాడు. చాటుపద్యానికి ప్రచురణకర్త ఎవరు? విన్నవాడే. మన్రో బొమ్మలు కూడా అదే తోవన ప్రయోగశాలల గోడల మీదికి, ఆచార్యుల గది తలుపుల మీదికి, కంప్యూటర్ సంస్థలలో పనిచేసేవారి బల్లల మీదికి చేరాయి. 2007లో ఒక చిత్రకథలో ఆయన ఒక తేదీని, అక్షాంశ రేఖాంశాలను పేర్కొన్నారు. సెప్టెంబరు 23న, ఆ బిందువు సూచించే కేంబ్రిడ్జి నగరపు పార్కుకు వందలమంది పాఠకులు వచ్చి చేరారు. గీసినవారూ వచ్చారు. 2009లో కొన్ని బొమ్మలను పుస్తకంగా వేసినప్పుడు దాని రాబడిలో కొంత లావోస్ దేశంలో ఒక పాఠశాల కట్టించడానికి వెళ్లింది. ఆ సంపుటానికి ఇచ్చిన సంఖ్య సున్న. కంప్యూటర్ భాషలు తెలిసినవారు ఒకటితో కాక సున్నతో లెక్క మొదలుపెడతారు మరి.

గీతబొమ్మ హాస్యానికి, విజ్ఞానానికి పనికివస్తుంది సరే, గంభీరమైన కథను మోయగలదా అని సందేహించేవారు ‘టైమ్’ అనే చిత్రకథను గమనించాలి. 2013 మార్చి 25న సముద్రపు ఒడ్డున కూర్చున్న ఇద్దరి బొమ్మ ఒకటి వచ్చింది. మాటలు లేవు. అరగంట తరువాత చూస్తే బొమ్మ కొద్దిగా మారింది. మరో అరగంటకు మరికొంత. తరువాత తరువాత గంటకొక మార్పు. ఆ ఇద్దరు ఇసుకతో కోట కడుతున్నారు, కట్టిన కోట వైపు నీరు పెరిగి వస్తున్నది. నీరు ఎందుకు పెరుగుతున్నదో తెలుసుకోవడానికి వారు ప్రయాణం మొదలుపెడతారు. ఇట్లా నాలుగు నెలలపాటు, జూలై 26 వరకు, 3,099 చిత్రాలు సాగాయి. దారిలో వారికి కనిపించే చెట్లు, జంతువులు ఏ ప్రాంతానివో పాఠకులు ఆరా తీశారు. ఒక రాత్రి దృశ్యంలో నక్షత్రాలు ఉన్న తీరును బట్టి కథాకాలం ఇప్పటిది కాదు, వేల ఏండ్ల తరువాతిది అని లెక్క కట్టారు. వారి ఊహ నిజమైంది. ఇప్పటికి దాదాపు పదకొండు వేల సంవత్సరాల అనంతరం, ఎండిపోయిన మధ్యధరా సముద్రపు పల్లం మళ్లీ నీటితో నిండే సమయాన జరిగే కథ అది. ఆ ఇద్దరికి కొండ మీద ఎదురైన జనుల భాష వారికి తెలియదు, ఆ భాషకు కల్పించిన లిపి పాఠకులకూ తెలియదు. ముంపు రానున్నదని తెలుసుకొని, తమవారిని కాపాడుకోవడానికి వెనుకకు పరుగెత్తే ఆ రెండు గీతబొమ్మల కథకు 2014లో విజ్ఞాన కల్పనా సాహిత్యంలో ప్రతిష్ఠాత్మకమైన హ్యూగో పురస్కారం లభించింది.

కరుణరసం మాటకు వస్తే, మన్రోకు కాబోయే భార్యకు కేన్సరు సోకిన సంగతిని ఆయన స్వయంగా 2011లో పాఠకులకు తెలియజేశారు. ఆ ఏడాదే వారి వివాహం జరిగింది. 2012లో ‘రెండేండ్లు’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక చిత్రకథ గీశారు. చికిత్స, నిరీక్షణ, పెళ్లి అన్నీ అవే గీతలతో. తలమీది నాలుగు గీతలే స్త్రీ పాత్రకు గుర్తు అని ముందు చెప్పుకొన్నాం. ఆ నాలుగు గీతలు కూడా లేని బొమ్మను చూసిన పాఠకునికి వేరే వర్ణన అవసరం లేకపోయింది. 2017లో ఏడేండ్లకు, 2020లో పదేండ్లకు ఆ కథ కొనసాగింపు వచ్చింది.

ఇంత చెప్పినందువలన ఈ చిత్రకథలో లోపాలు లేవని కాదు. కొన్ని బొమ్మలు గణితం, కంప్యూటర్ భాషలు చదివినవారికి తప్ప అన్యులకు బోధపడవు. తెలిసినవాడు తెలిసినవానితో కన్నుగీటి నవ్వే నవ్వు మూడోవాడికి వెలితిగానే తోస్తుంది. శ్లేషకావ్యాలు వ్యాఖ్యానం లేనిదే నడవని స్థితికి వచ్చినప్పుడు మన సాహిత్యంలోనూ ఇదే జరిగింది. మన్రోకు ఈ సంగతి తెలియకపోలేదేమో. 2012లో ఆయన చంద్రుని వద్దకు మనుషులను పంపిన శాటర్న్ రాకెట్టు పటాన్ని గీసి, ఆంగ్లంలో అతి తరచుగా వాడే వేయి మాటలతోనే దాని భాగాలన్నిటిని వివరించారు. 2015లో అదే నియమంతో పూర్తి గ్రంథమే వెలువరించారు. ఈ నియమం తెలుగువారికి కొత్త కాదు. పదహారవ శతాబ్దంలో పొన్నికంటి తెలగన సంస్కృత పదాలను, తత్సమాలను పరిహరించి ‘యయాతి చరిత్ర’ను అచ్చతెనుగున రచించాడు. ఫలితం కూడా కొంతవరకు ఒకటే. మాట తేలిక కావడం కోసం పెట్టుకొన్న నియమం కొన్నిచోట్ల భావాన్ని పొడుపుకథగా మార్చింది. రాకెట్టు అన్న మాట అందరికీ తెలిసి ఉండగా దానిని ‘పైకి పోయేది’ అనవలసి రావడం సౌలభ్యం కాదు, విలాసం. అయినా ఆ విలాసంలో ఒక నిజాయితీ ఉంది. పెద్ద మాట చాటున దాగే అవకాశం లేనప్పుడు, విషయం నిజంగా తెలిసినవాడు మాత్రమే వివరించగలడు.

2014లో వచ్చిన ‘వాట్ ఇఫ్’ గ్రంథం అంతకంటే హృద్యమైనది. కాంతివేగంలో తొంభై శాతం వేగంతో బంతి విసిరితే ఏమవుతుందన్నది అందులోని ఒక ప్రశ్న. తరగతిలో ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకొనే ప్రశ్న. మన్రో నవ్వి ఊరుకోలేదు. బంతికి ఎదురుగా ఉన్న గాలి అణువులు పక్కకు తప్పుకొనే వ్యవధి లేక బంతితో సంలీనం కావడం మొదలుకొని, మైదానం, నగరం ఏమవుతాయో క్షణక్షణం లెక్కగట్టి, పక్కన గీతబొమ్మలు వేసి జవాబిచ్చారు. ప్రశ్న అంచున పుట్టిందే, జవాబు మాత్రం భౌతికశాస్త్ర గ్రంథం నడుమ నుండి వచ్చింది.

2013లో ఒక గ్రహశకలానికి ఆయన పేరు పెట్టారు. 2024 నాటికి ఎక్స్‌కెసిడి బొమ్మల సంఖ్య మూడు వేలు దాటింది. మొదటి సంఖ్య వేసిన బొమ్మలో ఒక బాలుడు పీపాలో కూర్చుని అంతులేని సముద్రం మీద ఎటో తేలిపోతుంటాడు. ఆ తొలినాటి బొమ్మలను ఆయన తొలగించలేదు, మళ్లీ గీయనూ లేదు. కొన్నింటి వెనుక లెక్కల పుస్తకపు గళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.